మేకు ఎరగని ఓడలు

కొబ్బరి నడిచిన దారి: నాలుగో భాగం

కొబ్బరికాయ సముద్రాలు దాటిన వైనం కిందటి భాగంలో చెప్పుకున్నాం. ప్రపంచంలోని కొబ్బరి చెట్లు ప్రధానంగా రెండు వంశాలవని, ఒకటి పసిఫిక్ వైపు, రెండోది హిందూ మహాసముద్రం వైపు మనిషికి మచ్చికైందని 2011లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. మందపాటి డొక్కతో కోలగా ఉండే కాయ నీటి మీద తనంతట తాను తేలింది. గుండ్రంగా, నిండా నీళ్లతో ఉండే కాయ మనిషితో పాటు పడవెక్కింది. ఆగ్నేయాసియా నావికులు దాన్ని మడగాస్కర్ దాకా తీసుకుపోయిన చోట ఆగాం.

ఈసారి కాయ లోపలికి పోవడం లేదు. పైనున్న డొక్క దగ్గరే ఉందాం. కోనసీమలో ఒలుపు అయిపోయాక తోట గట్టున గుట్టలుగా పడి ఉండే డొక్క అది. పొయ్యిలోకో, పీచు మిల్లుకో పోతుంది. ఆ డొక్కలోని పీచే వెయ్యేళ్లకు పైగా అరేబియా నుంచి చైనా దాకా వర్తకాన్ని మోసిన ఓడలను పట్టి ఉంచింది. పట్టి ఉంచిందంటే మాటవరసకు అంటున్నది కాదు. ఓడ పలకకు పలకను కలిపి కుట్టిన దారం అదే.

పదో శతాబ్దం మొదట్లో పర్షియన్ గల్ఫ్ ఒడ్డున సీరాఫ్ అనే రేవు ఉండేది. చైనా పట్టు, మలబారు మిరియాలు, ఆఫ్రికా దంతాలు అక్కడ చేతులు మారేవి. ఆ ఊళ్లో అబూ జైద్ అనే ఆయన ఉండేవాడు. తాను దూర ప్రయాణాలు చేసినవాడు కాడు గానీ, చేసి వచ్చిన నావికుల కబుర్లు ఓపిగ్గా విని రాసిపెట్టాడు. ఒమన్ వాళ్ల గురించి ఆయన రాసిన ముచ్చట ఒకటి చదివిన కొద్దీ నాకు ఆశ్చర్యం పెరుగుతుందే తప్ప తగ్గదు. వాళ్లు వడ్రంగి పనిముట్లు మూట కట్టుకుని కొబ్బరి చెట్లున్న దీవులకు పోతారట. చెట్లు కొట్టి ఆరబెడతారు. ఆరాక మొద్దుల్ని పలకలుగా కోస్తారు. పీచు పేని తాడు చేసి, ఆ తాడుతో పలకలను కుట్టి ఓడ కడతారు. తెరచాప కొయ్య ఆ చెట్టుదే, తెరచాప ఆ ఆకులు అల్లిందే, మోకులు ఆ పీచువే. అంతా అయ్యాక ఓడ నిండా కొబ్బరికాయలు పోసుకుని ఒమన్ చేరి అమ్ముకుంటారు. ఓడా, ఓడలోని సరుకూ ఒకే చెట్టు నుంచి వచ్చాయన్నమాట.

చిన్న ఓడలకు కొబ్బరి కలప సరిపోయింది గానీ పెద్ద ఓడలకు సరిపోదు. ఆ మొద్దు పైన గట్టి, లోపల మెత్తన. పెద్ద ఓడలకు మలబారు టేకు పోయేది. కలప మారినా కుట్టే తాడు మాత్రం మారలేదు.

అబూ జైదే ఇంకో సంగతి చెప్పాడు. మధ్యధరా సముద్రంలో ఒకసారి పగిలిన ఓడ చెక్కలు కొట్టుకొచ్చాయి. చూస్తే, అవి కుట్టిన పలకలు. రోము, సిరియా వాళ్లు ఓడలకు మేకులు కొడతారు, కుట్టేది సీరాఫ్ వైపు వాళ్లే. మరి ఆ చెక్కలు ఇక్కడికెలా చేరాయి? లోకంలో సముద్రాలన్నీ ఎక్కడో ఒకచోట కలిసే ఉన్నాయని ఆయన తీర్మానించాడు. నాలుగు కొబ్బరి కుట్లు చూసి భూగోళం గురించి నిర్ణయానికి వచ్చిన మనిషి ఆయన.

అసలు ఓడను ఎందుకు కుట్టాలి? ఈ ప్రశ్నకు ఒక్కో కాలంలో ఒక్కో జవాబు వచ్చింది. సముద్రంలో సూదంటురాయి కొండలున్నాయని, దగ్గరగా పోతే ఓడలోని మేకులన్నీ ఊడి వాటికి అతుక్కుంటాయని నావికుల్లో గట్టి నమ్మకం ఉండేది. భోజరాజు పేర ప్రచారంలో ఉన్న యుక్తికల్పతరువు కూడా సముద్రంలో తిరిగే ఓడలకు ఇనుము వాడొద్దని ఇదే కారణం చెబుతుంది. ఆరో శతాబ్దంలోనే బైజాంటియం చరిత్రకారుడు ప్రోకోపియస్ ఈ కథను కొట్టిపారేశాడు. ఎర్ర సముద్రంలో తిరిగే రోమన్ ఓడల్లో బోలెడు ఇనుముంది, వాటికేమీ కావడం లేదు కదా అన్నాడు. అంతటితో ఆగక, భారతీయులకు ఇనుము దొరకదు గనుక కుట్టుకుంటున్నారని తన కారణం ఒకటి చెప్పాడు.

అక్కడ ఆయన పొరబడ్డాడు. దక్కను నేలమీద తయారైన ఉక్కుతో చేసిన కత్తులకు అరబ్బు దేశాల్లో ఎంత పేరుండేదో వాళ్ల కవులూ, భూగోళ రచయితలూ రాసిపెట్టారు. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కొలుముల దగ్గర ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవారు. ఉక్కు అమ్మే దేశానికి మేకులు కరువవుతాయా? ఇనుము ఖరీదైనదే, కాదనను. కాని కుట్టడానికి ముఖ్య కారణం అది కాదు.

అసలు కారణం ఇబ్న్ బతూతా సూటిగా చెప్పాడు. 14వ శతాబ్దంలో మొరాకో నుంచి బయల్దేరి సగం లోకం చుట్టినవాడు ఆయన. ఈ సముద్రం నిండా రాళ్లున్నాయి, మేకులు కొట్టిన ఓడ రాతికి తగిలితే బద్దలవుతుంది, తాడుతో కుట్టింది సాగి తట్టుకుంటుంది అన్నాడు. ఎర్ర సముద్రం, మాల్దీవులు, లక్షదీవులు, తూర్పు ఆఫ్రికా తీరం, ఎటు పోయినా నీటి కింద పగడపు దిబ్బలే. రేవుల్లో కట్టుదిట్టమైన గట్లు లేవు. ఆటుకు ఓడ ఇసుకలో ఒరగాలి, పోటుకు మళ్లీ లేవాలి. అలాంటి చోట బిగుసుకుపోయిన ఓడ కన్నా కొంచెం కదిలే ఓడ మేలు. పైగా ఉప్పునీటికి మేకు తుప్పు పడుతుంది, దాని చుట్టూ చెక్క పాడవుతుంది. పీచుకు ఆ బెడద లేదు.

కొబ్బరి పీచులో లిగ్నిన్ 40 శాతానికి పైగా ఉంటుంది. చెట్టు మానుకు గట్టిదనాన్నిచ్చే పదార్థం అది. పత్తిలో అది దాదాపు ఉండనే ఉండదు. అందుకే నూలు తాడు తడిలో చివికిపోతే, కొబ్బరి తాడు ఉప్పునీటిలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. లాగితే తెగకుండా చాలా దూరం సాగుతుంది, వదిలితే తిరిగి బిగుస్తుంది. నీటిలో తేలుతుంది. తడిస్తే ఉబ్బి, దూరిన కన్నాన్ని తానే మూసేస్తుంది.

ఆ తాడు చేసే పని చూస్తే దాని విలువ తెలుస్తుంది. లక్షదీవుల్లో, మాల్దీవుల్లో డొక్కలను ఒడ్డున గుంటలు తీసి పూడ్చేవారు. అలలు ఎత్తుకుపోకుండా పైన పగడపు రాళ్లు పేర్చేవారు. పోటు నీరు లోపలికి వచ్చి పోతూ ఉంటే డొక్క నెలల తరబడి నానుతుంది. పీచుకూ పీచుకూ మధ్యనున్న పొట్టును కంటికి కనిపించని సూక్ష్మజీవులు తినేస్తాయి. గుంట తెరిచిన రోజు వాసన ఊరంతా పాకుతుంది. నానిన డొక్కను రాతి మీదో, చెక్క దిమ్మ మీదో పెట్టి కర్రతో మోదాలి. పొట్టు రాలి, నల్లని ముద్దలోంచి బంగారు రంగు పీచు బయటపడుతుంది. ఈ మోదడం, కడగడం, ఆరబెట్టడం, పేనడం చాలావరకు ఆడవాళ్ల పని. ఆరిన పీచును రెండు పాయలుగా తీసి, అరచేతుల మధ్య పెట్టి ఒక్కో పాయకూ ఒక వైపు పురి ఎక్కించాలి. తర్వాత రెండు పాయలనూ కలిపి ఎదురు వైపుకు తిప్పాలి. ఒక పురి విడిపోబోతే రెండోది ఆపుతుంది. ముడి అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు. పీచు పొడవు జానెడుకు అటూ ఇటూగా ఉంటుంది, అంతే. అంతంత పొట్టి పోగులతో మైళ్ల కొద్దీ తాడు తయారయ్యేది ఆ రెండు చేతుల మధ్యనే.

ఇక కుట్టడం. రెండు పలకలను అంచుకు అంచు ఆనించి, అంచు పొడవునా బర్మాతో వరసగా కన్నాలు వేస్తారు. కీలు మీద లోపలి వైపు పీచును చేతి మందాన చుట్టగా పరుస్తారు. ఓడ లోపల ఒకడు, బయట ఒకడు కూర్చుని తాడును ఇటునుంచి అటు, అటునుంచి ఇటు దూర్చుకుంటూ పీచు చుట్ట మీదుగా అడ్డంగా, ఏటవాలుగా బిగిస్తారు. చేతి బలం చాలదు. కర్రకు తాడు చుట్టి, కాలు తన్నిపెట్టి లాగాలి. లాగినప్పుడు పక్కనున్నవాడు సుత్తితో తట్టి ఉన్న కాస్త వదులు కూడా తీసేస్తాడు. కన్నాల్లో పీచు కుక్కి, చెట్టు బంకతో మూస్తారు. పలకలన్నీ కుట్టడం అయ్యాక లోపల అడ్డ దుంగలు పెట్టి వాటినీ తాడుతోనే కడతారు. ఆఖరున చేప నూనె పూస్తారు. 1183లో ఎర్ర సముద్రం దాటిన యాత్రికుడు ఇబ్న్ జుబైర్, నెయ్యి, ఆముదం, సొరచేప నూనె మూడూ వాడతారని, అన్నింటిలోకీ సొరచేప నూనె శ్రేష్ఠమని రాశాడు. నూనె పట్టిన చెక్క మెత్తబడి దిబ్బల తాకిడికి ఓర్చుకుంటుందట.

ఇంతకీ తాడు ఎంత పడుతుంది? ఈ లెక్క మన కాలంలో ఒకాయన స్వయంగా తేల్చాడు. టిమ్ సెవెరిన్ అనే సాహస యాత్రికుడు 1980లో ఒమన్‌లోని సూర్ పట్టణంలో పాత పద్ధతిలో ఓడ కట్టించి, దానికి సోహార్ అని పేరు పెట్టాడు. కలప మలబారు నుంచి వచ్చింది, కుట్టేవాళ్లు లక్షదీవుల నుంచి వచ్చారు. ఆ ఒక్క ఓడకు దాదాపు 400 మైళ్ల కొబ్బరి తాడు పట్టింది. సెవెరిన్ దాన్ని 1980 నవంబరులో మస్కట్‌లో ఎక్కి, 1981 జులైలో చైనాలోని కాంటన్‌లో దిగాడు. అరచేతుల మధ్య పేనిన 400 మైళ్లు. ఎన్ని అరచేతులో ఊహించుకోండి.

ఈ ఓడలను చూసి మెచ్చనివాళ్లూ ఉన్నారు. వాళ్లలో పేరున్నవాడు మార్కో పోలో. 13వ శతాబ్దంలో హోర్ముజ్ రేవు చేరినప్పుడు అక్కడి ఓడలను చూసి ఇవి నాసిరకం, ఎన్నో మునిగిపోతుంటాయి అని రాశాడు. ఇనుప మేకు లేదు, కొబ్బరి డొక్క పీచుతో కుట్టారు, ఒకే తెరచాప కొయ్య, ఒకే తెరచాప, పైకప్పు లేదు, సరుకు మీద తోళ్లు కప్పి వాటి మీద గుర్రాలను నిలబెట్టి హిందూదేశానికి తోలుకుపోతారు అన్నాడు. చూసింది చూసినట్టు రాశాడు, అందులో తప్పు లేదు. కాని వెనిస్ పిల్లవాడి కంటికి తన ఊరి ఓడే కొలబద్ద. ఆ కొలతతో తర్వాతి ఐరోపా రచయితలు చాలామంది కుట్టిన ఓడను వెనకబాటుకు గుర్తుగా లెక్కగట్టారు. ఆ మాట ఇప్పటికీ కొన్ని పుస్తకాల్లో మిగిలి ఉంది.

దానికి జవాబు సముద్రం అడుగున దొరికింది. 1998లో ఇండొనేషియాలోని బెలితుంగ్ దీవి దగ్గర నీళ్లలో మునిగి సముద్ర దోసకాయలు ఏరుకునే మత్స్యకారులకు కుండల కుప్ప తగిలింది. కింద ఓడ ఉంది. కుట్టిన ఓడ, ఒక్క మేకు లేదు. అందులో దాదాపు 60,000 చైనా పింగాణీ గిన్నెలు, జాడీలు, వాటితో పాటు బంగారు, వెండి సామాను. ఒక గిన్నె మీద 826వ సంవత్సరానికి సరిపోయే తేదీ రాసి ఉంది. ఆ ఓడ మునిగింది, నిజమే. కాని అది అరేబియా వైపు కట్టిన ఓడల కోవలోది. అంత దూరం వచ్చి, చైనాలో సరుకెత్తుకుని తిరుగుదారి పట్టింది. ఆ లోడు ఎత్తిన ఓడను నాసిరకమనడం నా మనసుకు ఒప్పదు.

ఓడలకు తాడు ప్రాణమైనప్పుడు, తాడు దొరికే చోటు మీద అందరి కళ్లూ పడతాయి. ఆ చోటు లక్షదీవులు, మాల్దీవులు. తట్టెడు మట్టి కూడా సరిగా లేని పగడపు దీవులవి. వరి పండదు. పండేది కొబ్బరి, దొరికేది చేప, ఒడ్డున ఏరుకునేది గవ్వ. గవ్వలు బెంగాలుకు పోయి డబ్బుగా చెల్లేవి, అక్కడి నుంచి బియ్యం వచ్చేవి. ఇబ్న్ బతూతా మాల్దీవుల్లో న్యాయాధికారిగా కొన్ని నెలలు ఉన్నాడు. అక్కడి తాడు ఇండియాకు, చైనాకు, యెమెన్‌కు పోతుందని, జనపనార తాడు కన్నా మేలని రాశాడు. తర్వాతి శతాబ్దంలో చైనా నౌకాదళంతో వచ్చిన మా హువాన్ కూడా ఇదే మాట: పరాయి ఓడలు వచ్చి తాడు కొనుక్కుపోతాయి, ఇక్కడి ఓడలకు మేకులు వాడరు.

1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాడు. పోర్చుగీసు వాళ్ల ఓడలు మేకులతో కట్టినవే గానీ, వాటికీ మోకులు కావాలి. లంగరు మోకులు, తెరచాప మోకులు, అన్నీ కలిపితే పెద్ద ఓడకు బండ్ల కొద్దీ తాడు. ఐరోపా నుంచి జనపనార రావాలంటే నెలలు పడుతుంది, వచ్చినా మన ఉక్కకు పాడవుతుంది. అందుకని వాళ్ల చూపు దీవుల మీద పడింది. దీవుల నుంచి మలబారుకు తాడు తెచ్చే పడవలను సముద్రం మీదే దోచుకున్నారు. 16వ శతాబ్దం మొదట్లో పీచు కోసం అమిని దీవిలో బలవంతంగా దిగారు. దీవి జనం వాళ్లకు విషం పెట్టి చంపారని అక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. చేతిలో ఆయుధం లేని ఊరు తుపాకులున్న వాళ్లను వదిలించుకున్న కథ అది. అమినిలో దాన్ని నేటికీ మరవలేదు.

మాల్దీవుల్లో గొడవ ఇంకా పెద్దదైంది. 1558లో పోర్చుగీసు వాళ్లు రాజధాని మాలేను పట్టుకున్నారు. ఉతీము దీవికి చెందిన మహమ్మద్ తకురుఫాను తన అన్నదమ్ములతో కలిసి కల్హుఓఫుమ్మి అనే పడవెక్కి, రాత్రిళ్లు ఒక్కో దీవి మీదా దెబ్బతీసి తెల్లారేలోగా మాయమయ్యేవాడు. ఇలా ఏళ్ల తరబడి సాగాక 1573లో మాలే విడిపించుకున్నాడు. ఆ పడవ పేరు మాల్దీవుల పిల్లలకు నేటికీ తెలుసు.

ఆ తర్వాత కొద్ది కాలానికే, 1602లో, కోర్బాన్ అనే ఫ్రెంచి ఓడ మాల్దీవుల దిబ్బలకు కొట్టుకుని పగిలింది. మేకులు కొట్టిన ఓడే. బతికి ఒడ్డెక్కిన వాళ్లలో పిరార్ అనే ఆయన ఒకడు. అయిదేళ్లు అక్కడే ఉండిపోయి, భాష నేర్చుకుని, ఇంటింటి సంగతులు తెలుసుకుని తర్వాత పుస్తకం రాశాడు. కప్పు నేసే ఆకు, దీపంలో నూనె, తాగే కల్లు, తినే బెల్లం, ఓడ చెక్క, ఓడ తాడు, అన్నీ ఒకే చెట్టు నుంచి రావడం చూసి ఆయన ఉబ్బితబ్బిబ్బయ్యాడు. 1607లో బెంగాలు వైపు నుంచి దండు వచ్చింది. పగిలిన ఆ ఫ్రెంచి ఓడ ఫిరంగుల కోసమే వచ్చింది. రాజు ఆ గొడవలో చనిపోయాడు. పిరార్‌కు విడుదల దొరికింది.

లక్షదీవుల కథ వేరు. అక్కడ అధికారం కన్ననూరులోని అరక్కల్ వంశానిది. కేరళలో ఏకైక ముస్లిం రాజవంశం అది. వంశానికి పెద్ద మగవాడైతే ఆలీరాజా, ఆడమనిషైతే బీబీ. దీవుల పీచు వ్యాపారం వాళ్ల గుత్తాధిపత్యం కిందికి పోయింది. గుత్త ఎలా నడిచిందో గమనించండి. ఏటా వానలు వెళ్లాక దీవి మగవాళ్లు తమ కుట్టు పడవలైన ఓడాల్లో తాడు చుట్టలు వేసుకుని మలబారు తీరానికి పోవాలి. అంగట్లో అమ్ముకోవడానికి లేదు, పాలకుల గిడ్డంగిలోనే అప్పగించాలి. బదులుగా బియ్యం ఇస్తారు. తాడు ధర, బియ్యం ధర రెండూ నిర్ణయించేది వాళ్లే. బియ్యం లేకపోతే దీవిలో పొయ్యి వెలగదు. కత్తి ఎత్తకుండా కట్టడి చేయడం ఇది. ఏడాది పొడవునా డొక్క మోది, పేనిన ఆడవాళ్లు ఆ తూకం దగ్గర కూడా ఉండరు. ఈ ధారావాహిక కోసం నేను చదివిన యుద్ధాలన్నింటికన్నా ఆ తూకమే నన్ను ఎక్కువ కలతపెట్టింది.

1780లలో అమిని జనం ఓర్వలేకపోయారు. వాళ్ల పెద్దలు పడవెక్కి మంగళూరు వైపు పోయి, మమ్మల్ని మీ కిందికి తీసుకోండని టిప్పు సుల్తాన్‌ను అడిగారు. అమిని, కద్మత్, కిల్తాన్, చెత్లత్, బిత్రా దీవులు టిప్పు చేతికి వచ్చాయి. ఊరట ఎన్నాళ్లో నిలవలేదు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయింది. దీవులు ఈస్టిండియా కంపెనీ పాలయ్యాయి. కంపెనీ మంగళూరు నుంచి పరిపాలించింది, పీచు గుత్తను మాత్రం ఎత్తేయలేదు. కంపెనీ ఓడలకూ తాడు కావాలి కదా. దక్షిణాన మిగిలిన దీవుల్లో అరక్కల్ అధికారం ఇంకొన్నాళ్లు సాగింది. 1847లో పెద్ద తుపాను ఆంద్రోత్ దీవిని ఊడ్చేశాక అప్పులు మీదపడి, అక్కడా పట్టు మెల్లగా కంపెనీ చేతికి జారింది.

ఇక మన తీరానికి వద్దాం. ఇక్కడ పగడపు దిబ్బల బెడద లేదు గానీ కెరటాలున్నాయి. మద్రాసు నుంచి మచిలీపట్నం, విశాఖపట్నం మీదుగా గోపాల్‌పూర్ దాకా పెద్ద ఓడ నేరుగా ఒడ్డుకు రాగల చోట్లు అరుదు. ఓడ దూరంగా లంగరు వేసేది. మనుషులనూ, మూటలనూ ఒడ్డుకు చేర్చేది మసూలా పడవ. పల్చటి వెడల్పాటి పలకలు, లోపల వంపు దూలాలు కూడా ఉండవు, మొత్తం కొబ్బరి తాడు కుట్టే. మేకులు కొట్టిన పడవను కెరటం ఎత్తి ఇసుక మీద వేస్తే పలకలు విడిపోతాయి. మసూలా పడవ ఒళ్లు వంచుకుంటుంది, కెరటం వెళ్లాక సర్దుకుంటుంది. కుట్లలోంచి నీళ్లు కారుతూనే ఉంటాయి, ఒకడు తోడిపోస్తూనే ఉంటాడు. 1670లలో మద్రాసులో దిగిన ఇంగ్లీషు వైద్యుడు జాన్ ఫ్రయర్, అదే కాలంలో ఈ తీరంలో వర్తకం చేసిన థామస్ బౌరీ ఇద్దరూ ఈ పడవల గురించి వివరంగా రాశారు. గవర్నర్లు, దొరసానులు, బంగారు పెట్టెలు, ఫిరంగులు, ఎవరికైనా దేనికైనా ఆ కుట్టు పడవే గతి. పక్కన తెప్పల మీద జాలరులు తోడు వచ్చేవారు, పడవ తిరగబడితే మనిషిని ఒడిసి పట్టుకోవడానికి.

ఆ పడవలు నడిపినవాళ్ల పేర్లు ఎక్కడా మిగల్లేదు. ఎక్కినవాళ్ల డైరీలు మాత్రం గ్రంథాలయాల్లో భద్రంగా ఉన్నాయి. ఏ కెరటం మీద ఆగాలో, దేని వెనక దూకాలో చెప్పే చుక్కాని పట్టిన మనిషి కేకతో తెడ్లు లేచేవి, పడేవి. ఆ విద్య లేకపోతే ఈ తీరంలో కంపెనీకి కాలు మోపే దారే లేదు. మద్రాసులో కట్టుడు రేవు 19వ శతాబ్దం చివరన, విశాఖలో 1933లో వచ్చాక మసూలాల రేవు పని తగ్గింది. అలివి వల వేసే మత్స్యకారులు మాత్రం కుట్టు పడవను ఇంకా చాలా కాలం వదల్లేదు.

పెద్ద కుట్టు ఓడలు ఎందుకు పోయాయి? ఫిరంగి ఒక కారణమని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. బరువైన ఫిరంగి పేలినప్పుడు వెనక్కి తన్నే తన్నుకు కుట్లు నిలవవు. సముద్రం మీద పోర్చుగీసు వాళ్లకు ఎదురు నిలవాలంటే ఓడ తీరు మారాలి. మార్పు అంతకుముందే మొదలై ఉండొచ్చు కూడా. గామా వచ్చిన కొద్ది ఏళ్లకే కాలికట్ చూసిన ఇటలీ యాత్రికుడు వర్తెమా, అక్కడి ఓడలకు లెక్కలేనన్ని ఇనుప మేకులు కొడుతున్నారని రాశాడు. మన ఓడ కట్టేవాళ్లు కొత్త పద్ధతిని చూసి, నచ్చిన చోట తీసుకున్నారు. దీవుల్లో, కెరటాల ఒడ్డున కుట్టే మేలనుకున్న చోట కుట్టే ఉంచుకున్నారు. తెలివిగా చేసిన ఎంపిక అది.

ఆ చేతిపని పూర్తిగా చావలేదు. అజంతా గుహలో చిత్రించిన ఓడ ఆధారంగా, కేరళ పనివాళ్లు బాబు శంకరన్ నాయకత్వంలో గోవాలో కుట్టిన ఓడ 2025 మేలో కార్వార్‌లో మన నౌకాదళంలో చేరింది. పేరు కౌండిన్య. అదే ఏడాది చివర పోర్‌బందర్ నుంచి మస్కట్ వైపు తెరచాప ఎత్తింది. అబూ జైద్ కాలంలో ఒమన్ వాళ్లు పనిముట్లు పట్టుకుని ఇటు వచ్చారు. ఈసారి కుట్టిన ఓడే అటు పోయింది.

పందొమ్మిదో శతాబ్దంలో కొబ్బరి జాతకం తిరగబడింది. అంతవరకు సముద్రపు వర్తకులు వెతికింది డొక్కను. ఇక నుంచి ఐరోపా కన్ను కాయ లోపలి తెల్లని కొబ్బరి మీద పడుతుంది. సింహళం నుంచి పీపాల్లో పోయిన కొబ్బరినూనె లండన్‌లో కొవ్వొత్తులుగా, ఇంకా తర్వాత సబ్బులుగా మారుతుంది. ఆ సబ్బుల కోసం పసిఫిక్ దీవుల్లో ఊళ్లకు ఊళ్లు తోటలవుతాయి. డొక్కకు కూడా కొత్త యజమాని దొరుకుతాడు. 1859లో జేమ్స్ డారా అలెప్పీలో మగ్గాలు పెట్టి కొబ్బరి తాడుతో చాపలు నేయించడం మొదలుపెడతాడు. అక్కడి కార్మికులు ఎనభై ఏళ్లలోపే సమ్మెతో తిరువితాంకూరును కుదిపేస్తారు. ఎండుకొబ్బరి, సబ్బు, అలెప్పీ మగ్గాల కథ వచ్చే భాగంలో.